తరుగు లేదు

తుమ్ముతో మొదలైంది మా బడి.

పంతులుగారు కొబ్బరికాయ ఎత్తారు.
గోనెపట్టాల మీద పదకొండు మందిమి.
నేను తుమ్మాను. నా పక్కన మస్తానీ తుమ్మింది.
ఆ వెనక వరసంతా.
"అపశకునం, కాసేపు ఆగాలి" అని ఆయన కాయ దించబోతే
పానకాలు నవ్వలేదు.
"చుట్టుగుంటలో తుమ్ముకి ఆగితే
ఒక్క టిక్కీ కదుల్తుందాండీ, కొట్టండి" అన్నాడు.

మొన్నటిదాకా మిర్చి గోడౌను అది.
మూడుసార్లు సున్నం వేసినా గోడలు ఘాటు వదల్లేదు.
రేకుల సందులోంచి ఎండ దిగితే
ఆ గీతలో ఎర్రదుమ్ము తేలుతుండేది.
అ రాస్తే ఒక తుమ్ము. ఆ రాస్తే రెండు.
తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూచుని
ప్రతి తుమ్ముకీ "చిరంజీవ" అనేవాడు పానకాలు,
ఒక్కటీ వదలకుండా,
బస్తాలు లెక్కపెట్టే గొంతుతోనే.

ఆయన మంచివాడని నేను అనను.
అమ్మ అననివ్వదు.
పానకాలు కొట్టులో తరుగంటే
పల్నాడు బండ్లన్నిటికీ తెలుసు.
టిక్కీకి కిలో తేమ కింద, అరకిలో మట్టి కింద,
ఇంకో పిడికెడు ఏ పేరూ లేకుండా.
మా నాన్న ఆ కాటా ముందు
తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషి.
"బాబూ, ముల్లు ఇంకా ఆగలేదు" అన్నాడట ఒకసారి.
ఆగలేదు. రాసేశారు.
ఆ ఏడు ఎకరం పోయింది.
పై ఏడు నాన్న.

అమ్మ అదే యార్డుకి తొడిమలు తీయడానికొచ్చింది.
నేను ఏడిస్తే మోచేత్తో తుడిచేది కళ్ళు,
వేళ్ళు తగలనిచ్చేది కాదు.

బడి ఎందుకు పెట్టాడో ఎవరికి తెలుసు?
మనవడు పోయిన దిగులన్నారు కొందరు.
కాశీకెళ్ళినవాళ్ళు వంకాయో కాకరకాయో వదుల్తారు,
ఈయన తరుగు వదిలాడని ముఠావాళ్ళ నవ్వులు.
గుమస్తా కరీముల్లా మాత్రం
ఎర్ర అట్ట పుస్తకం ఒకటుందనేవాడు,
ముప్పై ఒక్క ఏళ్ళ తరుగు, ఊరూ పేరూ సహా.
నేనా పుస్తకం చూడలేదు.

చేర్పించే రోజు మమ్మల్ని కాటా ఎక్కించాడు.
వచ్చినదాన్ని తూచకుండా పద్దు రాయడం
ఆయనకి చేతకాదు కాబోలు.
రోశమ్మ కూతురు సువార్త, అని పిలిచారు.
చెప్పులు లేని కాళ్ళకి ఇనుము చల్లగా తగిలింది.
భయానికి ఊగాను, ముల్లూ నాతో పాటు ఊగింది.
"ఎవరూ మాట్లాడకండి" అన్నాడు పానకాలు.
చూశాడు. ఇంకా చూశాడు.
బయట లారీ ఒకటి హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.
"పద్దెనిమిది కిలోల రెండొందలు."
"తరుగు?" అన్నాడు కరీముల్లా, అలవాటు కొద్దీ.
"లేదని రాయి."

అమ్మ వేలిముద్ర వేసింది.
సిరా కంటే ముందు మిరప మరకే అంటింది కాగితానికి.
దండం పెట్టలేదు.
ఆయన మొహం చూడలేదు, ముల్లు చూసింది,
చూసి, తాలుకాయలు ఏరే చోటికి తిరిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేనక్కడ లెక్కలు చెబుతాను.
ఆయన పోయాక కొడుకులు పాలరాయి పెట్టించారు.
బంగారు రంగులో పేరు, కింద "దాత" అని.
నా క్యారేజీ తెచ్చిన అమ్మ రాయి ముందు ఆగి
ఏం రాశారే అంది.
తేదీ అమ్మా, తేదీ రాశారు అన్నాను.
ఇద్దరిలో ఎవరి కోసం అబద్ధమాడానో
ఇంకా తేల్చుకోలేదు.

ఈ జూన్‌లో కొత్తగా ఒక పిల్లాడు,
ఏటుకూరు రోడ్డు గుడిసెల నుంచి.
కాటా ఎక్కి తుమ్మాడు.
"చిరంజీవ" అన్నాను, ఎవరి గొంతో అది.
వాడు నవ్వుతూ మళ్ళీ ఊగుతున్నాడు.
రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి
నిలబడి ఉన్నాను.
ముల్లు ఇంకా ఆగలేదు.